బండిదారి గురించి రాసిందెవరు?

‘జూనియర్’ నవల – పన్నెండో భాగం

కిందటి వారం రాజ్యశ్రీని నందిగామలో, ఆమె సీనియర్ ప్లీడరు భవానీప్రసాద్ గారి ఆఫీసులో, తిరుపతమ్మ కేసు కట్ట ముందు కూర్చోబెట్టి వచ్చాం. ఏడాదిగా ఆ పిల్ల జగ్గయ్యపేట కోర్టులో చిన్న కేసులు చూసుకుంటూ బస్సుల్లో తిరుగుతోంది. రేపు తిరుపతమ్మ బోనెక్కుతుంది, పక్కన కూర్చోవటానికి రమ్మంటే వచ్చింది. ఆ కట్ట ఆమె చేతికి రావటం అదే మొదలు. విప్పి చూస్తే అడుగున ఒక ప్రింటు కాగితం ఉంది. ‘మన పొలం – మన చట్టం’ అనే బ్లాగులోది. పైన నల్లకోటుతో భవానీప్రసాద్ గారి ఫొటో. కింద ఆయన పేరు. మధ్యలో ఉన్న ప్రతి అక్షరం రాజ్యశ్రీది.

బ్లాగు పెట్టాలన్న ఆలోచన మాత్రం ఆయనదే. ఇంటర్నెట్‌లో పేరుంటే నాలుగూళ్ళవాళ్ళు వెతుక్కుంటూ వస్తారని ఎవరో చెప్పారు. ప్లీడరు తన గురించి తను ప్రకటన వేసుకోకూడదు. చట్టం గురించి నాలుగు మంచి మాటలు చెబితే కాదనేవాళ్ళు లేరు. ఆయనకి తీరిక లేదు. “అమ్మాయ్, నీ తెలుగు బావుంటుంది, నువ్వు రాసి పెట్టెయ్” అన్నారు. అప్పట్నుంచి ఆదివారం ఆదివారం రాజ్యశ్రీ నెట్ సెంటర్లో కూర్చుని, కరెంటు పోతే వచ్చిందాకా ఆగి, రాసి పెట్టేది. కోదాడ నుంచి వచ్చారు, మైలవరం నుంచి వచ్చారు. మైలవరంలో ఒక రైతు సంఘం వాళ్ళు భవానీప్రసాద్ గారికి శాలువా కప్పారు. ఆయన ఆ బ్లాగు ఏనాడూ తెరిచి చూడలేదు.

తిరుపతమ్మా అలా వచ్చిన మనిషే. కంచికచర్ల ఇవతల రోడ్డుకి ఎడంగా ఆమెకి మిరప చేను ఉంది. చేలో నుంచి బండి బయటికి రావాలంటే వెంకటరత్నం పొలంలో నుంచి రావాలి. మామగారి కాలం నుంచీ అదే దారి. ఏటా మొదటి బండి కట్టే ముందు చాటలో ఆకులు, వక్కలు, బెల్లం పెట్టి వెంకటరత్నం ఇంట్లో ఇచ్చి రావటం ఆనవాయితీ. దారి తాంబూలం అంటారు. వెంకటరత్నం ఆ పొలాన్ని బెజవాడ నుంచి వచ్చిన సతీష్‌బాబుకి అమ్మాడు. ఆ ఏడే తిరుపతమ్మ మేనల్లుడు కిషోర్ బ్లాగులో వ్యాసం చూసి ఆమెకి చదివి వినిపించాడు. ఆమె మొదటి బండికి ముందు తాంబూలం పంపలేదు. రెండు బండ్లు వెళ్ళాయో లేదో సతీష్‌బాబు రాతి స్తంభాలు పాతి ముళ్ళకంచె చుట్టాడు. ఇన్నాళ్ళూ అడిగి వెళ్ళింది, ఈసారి అడగలేదు, నేను పోనివ్వను అన్నాడు. మిగిలిన కాయంతా తిరుపతమ్మ కూలీల నెత్తిన మోయించింది. దావా వేసింది. ఇప్పుడు మళ్ళీ కాయ ఎర్రబడింది.

రాసిన మనిషే వాదిస్తాడు గదా అన్న నమ్మకంతో ఆమె వచ్చింది. ఆ నమ్మకం చూసి మురిసిపోయి భవానీప్రసాద్ గారు ఈ కేసు కాగితాలు జూనియర్ చేత రాయించకుండా స్వయంగా రాశారు. అక్కడుంది చిక్కు.

* * *

మధ్యాహ్నం బార్ అసోసియేషన్ హాల్లో క్యారియర్లు విప్పారు. గోంగూర వాసన, పాత పుస్తకాల వాసన కలిసి ఉన్నాయి. కిటికీ పక్క బల్ల దగ్గర రాజ్యశ్రీ అన్నం కలుపుకుంటోంది.

సీతారామాంజనేయులు గారు చెయ్యి కడుక్కుని, తుండుతో తుడుచుకుని, జేబులో నుంచి కాగితం తీశారు. సతీష్‌బాబు తరపు ప్లీడరు ఆయనే. పొట్టి మనిషి. గొంతు మాత్రం వరండా చివరిదాకా వినపడుతుంది.

“ప్రసాదూ, నీకింత తెలుగు వచ్చని ఇన్నేళ్ళూ మాకు చెప్పలేదేమయ్యా?” అన్నారు.

భవానీప్రసాద్ గారు పెరుగు వడ్డించుకుంటున్నారు. తల ఎత్తలేదు.

“వినండి, వినండి. ‘మొదటి బండి కట్టకముందు ఇచ్చే తాంబూలాన్ని కోర్టు అడిగినట్టు లెక్కేస్తుంది. అడిగి నడిచిన దారి తరాలు నడిచినా మనది కాదు.’ ఎంత చక్కగా చెప్పాడో చూడండి. ఇదే మాట నేను రేపు చెప్పాలని నెల రోజులుగా అవస్థ పడుతున్నా. నాకింత బాగా రాలా.” అందరి వైపూ తిరిగారు. “తిరుపతమ్మ ఏటా తాంబూలం ఇచ్చింది. ఇచ్చిందంటే అడిగినట్టు. అడిగిందంటే హక్కు లేనట్టు. ఎవరు చెప్పారు? ఆమె ప్లీడరే చెప్పాడు. రేపు నేను ప్రశ్నలు వెయ్యక్కర్లా. ఇది చదివేసి కూర్చుంటా.”

హాలంతా గొల్లుమంది.

రాజ్యశ్రీ చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. నవ్వుతున్నది తన వాక్యాల మీద. అయినా ఆ గొంతులో ఆ వాక్యాలు పడుతుంటే ఆమెకి వింతగా అనిపించింది. ఎక్కడ ఆగాలో ఆయన అక్కడే ఆగుతున్నారు. ఆగేటట్టు రాసింది తను. ఎగతాళికి చదివినా వాక్యం వంగలేదు. సిగ్గుపడాల్సిన చోట ఆమె వెన్ను నిటారుగా అయింది.

“పోనీ ఒక మాట చెప్తా,” అన్నారు ఆంజనేయులు గారు, ఆమె బల్ల వైపు చూపు విసిరి. “జూనియర్ రాసింది, నేను చూళ్ళేదు అను. నవ్వి ఊరుకుంటాం. ఎవరు రాయించుకోవటంలా ఇక్కడ?”

అందరూ రాజ్యశ్రీ వైపు చూశారు. తర్వాత భవానీప్రసాద్ గారి వైపు చూశారు.

ఆయన పెరుగు గిన్నెకి మూత పెట్టారు. “రాసింది నేనే,” అన్నారు. “నా పేరు కింద ఉంది. తప్పైనా ఒప్పైనా నాదే. పిల్లల మీదకి నెట్టటం నాకు చేతకాదు.”

నవ్వు ఆగిపోయింది. మూల నుంచి ఎవరో పెద్దాయన “భేష్” అన్నారు. ఆంజనేయులు గారు కాగితం మడిచి జేబులో పెట్టుకున్నారు. ఆయన ముఖంలో ఓడిపోయిన ఛాయ ఏమీ లేదు.

రాజ్యశ్రీకి ముందు గర్వం కలిగింది. ఎంతమంది సీనియర్లు అలా నిలబడతారు? గిన్నె కడగటానికి కుళాయి దగ్గరికి వెళ్ళేసరికి ఆ గర్వంలో ఏదో గుచ్చుకుంది. ఆయన తనని కాపాడారు. కాపాడుతూనే, తను రాసినదాన్ని అందరి ముందూ ఇంకోసారి తీసేసుకున్నారు. అంతకంటే పెద్ద సంగతి ఇంకొకటుంది. ఆంజనేయులు గారు చదివినవి మొదటి రెండు వాక్యాలు. ఆ తర్వాత ఏముందో ఈ హాల్లో తెలిసిన మనిషి తనొక్కతే.

రేపు తిరుపతమ్మని నిలబెట్టేది ఆ తర్వాత ఉన్నదే. చదవని మనిషి దాన్ని చెప్పలేరు; రాసింది నేనని చెబితే తప్ప అది బయటికి రాదు. చెబితే ఈ ఆఫీసులో తన కుర్చీ ఉండదు.

* * *

తిరుపతమ్మ పొద్దు వాలాక వచ్చింది. రమ్మనకుండానే లోపలికి వచ్చి, కూర్చోమనకుండానే కుర్చీ లాక్కుని కూర్చుంది. యాభై దాటిన మనిషి. చీర కుచ్చెళ్ళకి ఎర్రమట్టి. ఆమెతో పాటే మిరప ఘాటు గదిలోకి వచ్చింది. భవానీప్రసాద్ గారు రెండుసార్లు తుమ్మారు.

“చేలో నుంచి ఇటే వచ్చా. మీకు పడనట్టుంది,” అంది.

“ఫర్వాలేదు, ఫర్వాలేదు. రేపటి సంగతి మాట్లాడదాం.” ఆయన కళ్ళద్దాలు సరిచేసుకున్నారు. రాజ్యశ్రీ బల్ల చివర నిలబడింది.

“ఆ పొట్టి ప్లీడరు నన్ను తాంబూలం గురించే అడుగుతాడంట గదయ్యా. ఏం చెప్పమంటారు?”

“భయపడమాకు. ఎందుకు మానేశావని అడుగుతాడు. నా దారికి నేను తాంబూలం ఇచ్చేదేంది, అందుకే మానేశా అని గట్టిగా చెప్పు. తల దించొద్దు.”

తిరుపతమ్మ ఆయన వైపు చూసింది. “నేను మానెయ్యలేదుగా.”

“మానేస్తేనేగా కంచె వేసింది.”

“మానెయ్యమని మీరెక్కడ రాశారు?”

భవానీప్రసాద్ గారు కాగితాలు సర్దారు. సర్దాల్సిన అవసరం లేదు. అవి సరిగ్గానే ఉన్నాయి.

“మొదటి బండికి ముందు వద్దు, ఆఖరి బండి వెళ్ళాక ఇవ్వమన్నారు,” అంది తిరుపతమ్మ. “కిషోర్ చేత మళ్ళీ మళ్ళీ చదివించుకున్నా. చాట సర్ది అటక మీద పెట్టుకున్నా. ఆకులు వాడిపోయినయ్యి గానీ ఆఖరి బండి ఎక్కడ వెళ్ళింది? వాడు పోనిస్తేగా.”

“అదే... అదే చెప్పు. ఆఖరి బండికి ఇద్దామనుకున్నా అని.”

“మరి ఇప్పుడేగా మానేశానని చెప్పమన్నారు?”

తిరుపతమ్మ ముందుకి వంగింది. గొంతులో కోపం లేదు. ఒక్కో మెట్టూ చూసుకుని దిగుతున్నట్టు మాట్లాడుతోంది.

“అయ్యా, నేను మీ దగ్గరికి వచ్చింది ఆ నీళ్ళ సంగతి చూసి. పొలంలో కాలు పెట్టిన ప్లీడరు ఒకాయన ఉన్నాడు, మన సంగతి మనం చెప్పకుండానే తెలిసినాయన, అనుకున్నా. బెజవాడలో మా అన్న కొడుక్కి తెలిసిన పెద్ద ప్లీడరు ఉన్నా మిమ్మల్నే పట్టుకున్నా.”

“నీళ్ళా?” అన్నారు భవానీప్రసాద్ గారు. “ఏం నీళ్ళు?”

అన్నాక ఆయనకే తెలిసింది. ముఖం అలాగే ఉంచారు గానీ చెవులు ఎర్రబడ్డాయి. ఇరవై ఏళ్ళు సాక్షుల్ని నిలదీసిన మనిషికి, ఒక్క ప్రశ్నకి సాక్షి ఎలా కూలిపోతాడో తెలియంది కాదు.

రాజ్యశ్రీ బల్ల మీద నుంచి చెయ్యి తీసింది.

“అమ్మా, అది రాసింది నేను,” అంది.

తిరుపతమ్మ తల తిప్పింది.

“అమ్మాయ్, నువ్వు బయటికి వెళ్ళు,” అన్నారు భవానీప్రసాద్ గారు.

“వెళ్ళను సార్.”

ఆ ఆఫీసులో ఆ మాట ఇంతకుముందు ఎవరూ అనలేదు. ఆయన కుర్చీలో వెనక్కి వాలారు.

“కక్షిదారు ముందు మాట్లాడే మాటలా ఇవి?”

“కక్షిదారు సంగతే సార్ ఇది. ఆమె ముందు కాక ఎవరి ముందు మాట్లాడాలి?”

“ఇందులో అంత వింత ఏముంది?” ఆయన తిరుపతమ్మ వైపు చూసి, మళ్ళీ ఈమె వైపు తిరిగారు. “దావా కాగితాలు నువ్వు రాస్తే నేను సంతకం పెట్టటంలా? నా సీనియర్‌కి నేను రాయలా? రేపు నీకొక జూనియర్ వస్తే రాయించుకోవా? ఇది లోకంలో ఉన్నదే. కోర్టులో పని నేర్చుకోవటం అంటే ఇదే.”

“దావా కాగితం నేను రాస్తే మీరు ఎర్రసిరాతో దిద్దుతారు. పోయిన ఏడు ఒక్క పేరా నా చేత మూడుసార్లు తిప్పి రాయించారు. ఏడుపొచ్చింది గానీ మూడోది బాగా కుదిరింది. దాన్ని మీదంటే నేను కాదనను. మీరు చదివారు, కొట్టేశారు, సంతకం పెట్టారు. అది మీ మాటే. ఇది మీరు ఒక్కసారి చదివుంటే ఇదీ మీదే అనేదాన్ని సార్. ఒట్టు.”

“నా పేరు పెట్టొద్దని నువ్వూ అనలేదుగా.”

“అనలేదు. నాకు ఇష్టంగానే ఉండేది. మైలవరంలో మీకు శాలువా కప్పినప్పుడు వెనక వరసలో కూర్చుని చప్పట్లు కొట్టింది నేనే. నా మాటకి కప్పారనుకున్నా. ఎవరికీ తెలియకపోయినా నాకు తెలుసుగా అనుకున్నా. కానీ చదివేవాళ్ళ వైపు నుంచి చూడలా. అమ్మ నమ్మింది మిమ్మల్ని. చెప్పింది నేను. మధ్యలో ఆమె దారి పోయింది.”

తిరుపతమ్మ ఒడిలో చేతులు కట్టుకుని ఇద్దరినీ మార్చి మార్చి చూస్తోంది.

భవానీప్రసాద్ గారు లేచి కిటికీ దాకా వెళ్ళారు. కింద హైవే మీద కంచికచర్ల బస్సు హారన్ కొట్టుకుంటూ వెళ్ళింది. అది పోయిందాకా ఆగి ఇటు తిరిగారు.

“మధ్యాహ్నం అంతమందిలో నీ మీదకి మాట రానిచ్చానా? తప్పు నాదేనని నెత్తిన వేసుకున్నానా, లేదా?”

“వేసుకున్నారు. నాకు గర్వంగా అనిపించింది. కానీ సార్...” ఇది చెప్పాలా వద్దా అని ఆమె తటపటాయించింది. చెప్పేసింది. “అసలు అందులో తప్పెక్కడుంది? మీరు చదవకుండానే తప్పుందని ఒప్పేసుకున్నారు. ఆంజనేయులు గారికి కావాల్సింది అదే.”

భవానీప్రసాద్ గారి నోరు కొంచెం తెరుచుకుంది. జగ్గయ్యపేట నుంచి రెండు బస్సులు మారి వచ్చే ఈ పిల్ల, వాయిదా తేదీ అడగటానికి కూడా గుమ్మం దగ్గర నిలబడే పిల్ల, తన కుర్చీకి ఎదురుగా నిలబడి తన కేసులో ఉన్న బొక్క తనకే చూపిస్తోంది. ఆయనకి కోపం రావాలి. వచ్చింది కూడా. దాని వెనకే ఇంకేదో వచ్చి కోపాన్ని పక్కకి జరిపింది.

“చదువు,” అన్నారు.

ఆమె కాగితం తీయలేదు. అవసరం లేదు.

“‘మొదటి బండి కట్టకముందు ఇచ్చే తాంబూలాన్ని కోర్టు అడిగినట్టు లెక్కేస్తుంది. అడిగి నడిచిన దారి తరాలు నడిచినా మనది కాదు. కానీ మన వైపు రైతు అడగడు. తాంబూలం పట్టుకువెళ్ళి, దారి ఇవ్వండి అనడు. ఎల్లుండి బండి కడుతున్నా అంటాడు. ఆ మాట విని పొలం ఆసామి తన చేనుకి నీళ్ళు పారే బోదెకి అడ్డం కట్టేస్తాడు. దారి మీదకి చుక్క నీరు రానివ్వడు. తడి నేలలో చక్రం దిగబడితే బండికీ కష్టం, పొలానికీ నష్టం. దారి తనది కాదనుకున్నవాడు అడుగుతాడు. తనదనుకున్నవాడు చెబుతాడు. పక్కవాడి బండి కోసం తన చేనుకి నీళ్ళు ఆపుకున్న ఆసామి ఆ దారిని ఒప్పుకున్నట్టే. అయితే కోర్టుకి తాంబూలం కనపడుతుంది, బోదె కనపడదు. అందుకని నోటితో చెప్పే మాట ముందే చెప్పండి. తాంబూలం మాత్రం ఆఖరి బండి వెళ్ళాక ఇవ్వండి. అప్పుడది మర్యాద అవుతుంది. అనుమతి కాదు.’”

ఆమె ఆగింది.

“నేను ఆలోచించనిది ఒక్కటే. పొలం చేతులు మారితే కొత్తగా వచ్చినాయనకి ఈ మర్యాద తెలియదని. అది రాసుండాల్సింది. అది నా లోపం. దానికి ఆంజనేయులు గారికి కాదు, అమ్మకి జవాబు చెప్పుకుంటా.”

“మీ వైపు కూడా నీళ్ళు కట్టేస్తారా?” అంది తిరుపతమ్మ.

“మాది వత్సవాయి. మా నాన్న కట్టేవాడమ్మా. మా పొలంలో నుంచి ఇద్దరి బండ్లు పోతాయి. బండ్లు కట్టినన్నాళ్ళూ మా పెసర ఎండుతున్నా కట్టేవాడు. మా అమ్మ తిట్టేది.”

“తిట్టుద్ది మరి,” అంది తిరుపతమ్మ. ఆ సాయంత్రం ఆమె ముఖంలో మొదటిసారి నవ్వు కనపడింది.

భవానీప్రసాద్ గారు బల్ల దగ్గరికి వచ్చారు. ఇప్పుడు ఆయన నడక మారింది. కోర్టులో లేచి నిలబడే ముందు నడిచే నడక అది.

“తిరుపతమ్మా, వెంకటరత్నం బతికే ఉన్నాడా?”

“జి.కొండూరులో కూతురి దగ్గర ఉన్నాడు. కాలు సరిగ్గా రాదు గానీ మాట స్పష్టంగానే ఉంది.”

“నీ బండ్లకి బోదె కట్టేవాడా?”

“మొదటి బండి నాడు పార పట్టుకుని గట్టు మీద నిలబడేవాడు. చివరి రెండేళ్ళు కాలు నొప్పైతే కొడుకుని పంపాడు.”

“సాక్ష్యం చెబుతాడా?”

“నా చేతి తాంబూలం తిన్న మనిషి. చెప్పడా?”

ఆయన కుర్చీలో కూర్చున్నారు. ఆ ప్రింటు కాగితం ముందుకి లాక్కుని చూశారు. తన ఫొటో చూశారు, కింద తన పేరు చూశారు. మధ్యలో ఉన్నదాన్ని మొదటిసారి వేలు పెట్టుకుని చదివారు.

“కేసంతా ఇక్కడుంది,” అన్నారు చివరికి. “నేను దావాలో ఒక్క ముక్క రాయలా. బోదె అన్న మాటే లేదు.” కళ్ళద్దాలు తీసి తుడుచుకున్నారు. “బాగా రాశావే అమ్మాయ్. నేను రాసుంటే చట్టం రాసేవాణ్ణి. ఇందులో చేను ఉంది.”

ఎన్ని ఆదివారాలో ఎదురుచూసిన మాట. వచ్చింది గానీ దాన్ని అందుకోవటానికి కూడా రాజ్యశ్రీకి తీరిక దొరకలేదు. తిరుపతమ్మ కుర్చీ వెనక్కి జరిపి లేచింది.

“ఒక మాట చెప్పి వెళ్తా. రేపు ఇది ఎవరు రాశారని ఆ ప్లీడరు అడిగితే, నిన్నటిదాకా మీ పేరే చెప్పేదాన్ని. ఇప్పుడు తెలిసింది. ప్రమాణం చేసి బోనెక్కి అబద్ధం చెప్పలేను.”

“తిరుపతమ్మా, మధ్యాహ్నం హాల్లో అందరి ముందూ నేనే రాశానని...”

“మీరు హాల్లో ఏమన్నారో నాకు తెలియదు. నేను నా ప్రమాణం సంగతి చెప్తున్నా.” ఆమె చీర చెంగు భుజాన వేసుకుంది. “ఇంకొకటి. రేపు నా పక్కన నిలబడి మాట్లాడేది ఈ పిల్లే. మీరూ ఉండండి. పెద్దవాళ్ళు, కాదనను. కానీ నా దారి గురించి మాట్లాడేది మాత్రం ఈమె.”

నందిగామ కోర్టులో రాజ్యశ్రీ ఇంతవరకూ వాయిదాలు అడగటం తప్ప లేచి నిలబడింది లేదు.

భవానీప్రసాద్ గారి తండ్రి కూడా ఈ ఊళ్ళోనే ప్లీడరు. ఆ పేరు మీద మచ్చ పడకుండా ఇన్నేళ్ళు మోసుకొచ్చారు. ఇప్పుడు దాన్ని నిలబెట్టుకోవటానికి రెండు దారులున్నాయి. ఒకటి, ఒక ఆడమనిషిని అబద్ధం చెప్పమని బతిమాలటం. రెండోది ఆయన ఎన్నడూ నడిచింది కాదు.

లేచి కోటు తొడుక్కున్నారు. చెమటకి తడిసిన కోటు. గుండీలన్నీ పెట్టుకున్నారు.

“పద అమ్మాయ్,” అన్నారు.

* * *

సాయంత్రాలు బార్ హాల్లో క్యారమ్స్ ఆడతారు. మధ్యాహ్నం నవ్విన వాళ్ళలో సగంమంది బోర్డు చుట్టూ ఉన్నారు. పొడి చల్లిన బోర్డు మీద ఆంజనేయులు గారు స్ట్రైకర్ సర్దుతున్నారు. భవానీప్రసాద్ గారు కోటుతో రావటం చూసి ఇద్దరు లేచి నిలబడ్డారు. రాజ్యశ్రీ ఆయన పక్కనే వచ్చింది. ఎప్పుడూ నడిచే రెండడుగుల దూరం ఇప్పుడు లేదు. ఆయనే ఆగి ఆమెని పక్కకి రానిచ్చారు.

“ఆంజనేయులూ, మధ్యాహ్నం నేనొక మాటన్నా,” అన్నారు. గొంతు తగ్గించలేదు. “అది నిజం కాదు. బండిదారి మీద రాసింది రాజ్యశ్రీ. బ్లాగులో ఉన్నవన్నీ ఈమె రాసినవే. నేను పేరు మాత్రం పెట్టుకున్నా. చదవకుండా పెట్టుకున్నా. ఈ రాత్రికి ఆ పేరు తీయిస్తున్నా.”

రాజ్యశ్రీ నేల చూపులు చూడలేదు. ఒక్కొక్క ముఖాన్నీ చూసింది. నవ్వు వెతికింది. ఎక్కడా దొరకలేదు. మధ్యాహ్నం భేష్ అన్న పెద్దాయన ఈసారి తన కుర్చీ ఆమె వైపు జరిపారు.

ఆంజనేయులు గారు స్ట్రైకర్ కొట్టారు. ఎర్రకాయ గుంటలో పడింది.

“నాకు తెలుసులే ప్రసాదూ,” అన్నారు. “జగ్గయ్యపేటలో ఈ అమ్మాయి నా మీద రెండు కేసులు వాదించింది. ఆ మాట తీరూ ఈ రాత తీరూ ఒకటే. నీళ్ళ పేరా కూడా చదివా. మధ్యాహ్నం చదివి వినిపించలా, అంతే.” వేళ్ళకి అంటిన పొడి దులుపుకున్నారు. “నిజం చెప్పనా, నువ్వు వాదిస్తే నాకు నిద్ర పడుతుంది. ఈ అమ్మాయి లేచి నిలబడితేనే కష్టం.”

“రేపు నిలబడేది ఈమే.”

“నిలబడలేదు.”

ఆయన లేచి, గోడకి తగిలించిన కోటు జేబులో నుంచి ఒక కాగితం తీశారు. మధ్యాహ్నం చదివింది కాదు. కోర్టు ముద్ర పడి ఉంది.

“సాయంత్రం కోర్టు లేచేలోపు దాఖలు చేశా. ఆ వ్యాసం రాసిన మనిషిని మా తరపున సాక్షిగా పిలవాలని పిటిషన్. రేపు పొద్దున్నే విచారణ. సాక్షి బోనెక్కే ప్లీడరు ఆ కేసు వాదించకూడదని నీకు చెప్పక్కర్లేదుగా. నకలు మీకు ఇవ్వాలి. ఇదుగో.”

భవానీప్రసాద్ గారు చెయ్యి చాచారు. ఆంజనేయులు గారు ఆయనకి ఇవ్వలేదు. రాజ్యశ్రీకి అందించారు.

ఆమె తీసుకుంది. ట్యూబులైటు కింద చదివింది. పిటిషన్ రెండో పేరాలో, ‘సదరు వ్యాసమును రచించిన’ అన్న మాటల తర్వాత, ఇంటిపేరుతో సహా తన పేరు ఉంది. ఇన్ని రాసింది గానీ, తను రాసినదాని పక్కన తన పేరు అచ్చులో చూడటం ఆమెకి ఇదే మొదలు. అచ్చువేయించింది ఎదటి పక్షం ప్లీడరు.

“కాదని కూడా చెప్పొచ్చమ్మా,” అన్నారు ఆంజనేయులు గారు, ఇప్పుడు నిజంగానే మెత్తగా. “రాయలేదు అను. నా పిటిషన్ కొట్టేస్తారు. రేపు నువ్వే వాదించుకోవచ్చు. రాశానంటావా, బోనెక్కుతావు, తిరుపతమ్మ పక్కన నిలబడలేవు. ఏమంటావు? రాసింది నువ్వేనా?”

హాల్లో అందరూ ఆమె నోటి వైపే చూస్తున్నారు. భవానీప్రసాద్ గారు కూడా.

రాజ్యశ్రీ పిటిషన్ మడవలేదు. తన పేరు పక్కన సంతకం పెట్టటానికి పెన్ను కోసం చెయ్యి చాచింది.